పాత పికప్‌కు ‘లోయరింగ్ కిట్’ అమ్ముతున్నారా? ముందు మీ బండి కమాన్లు ఎక్కడ కూర్చున్నాయో చూసుకోండి

బెంగళూరులో పాత పికప్ బండి ఎత్తు తగ్గించుకోవాలని చూస్తున్నవారు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నగరానికి దక్షిణాన ఉన్న ఒక షెడ్డు నా దగ్గర 38,000 రూపాయలు తీసుకుంది. నా బండికి ఏ విధంగానూ పనికిరాని కిట్‌ను బిల్లులో రాసి, అసలు పనిని గ్యాస్ మంటతో కానిచ్చింది. షెడ్డు పేరు రాయడం లేదు. పేరు తెలిస్తే ఆ ఒక్కచోటికి వెళ్లడం మానేస్తారు, పనితీరు తెలిస్తే అలాంటివాళ్లందరినీ గుర్తుపడతారు.

నాది ఇరవై ఏళ్లు దాటిన డీజిల్ పికప్. సిద్దాపుర నర్సరీల నుంచి మొక్కలు, కుండీలు తెచ్చి మేడల మీద తోటలు వేసి ఇస్తుంటాను. మట్టి నింపిన సిమెంటు కుండీని ఛాతీ ఎత్తుకు లేపి ట్రేలోకి నెట్టడం ఎలా ఉంటుందో ఆ పని చేసేవారి నడుమును అడగాలి. పైగా ఖాళీగా ఉన్నప్పుడు ఈ బండ్ల వెనుక భాగం తేలు తోకలా లేచి ఉంటుంది. ఒక మూడు అంగుళాలు దిగితే ఎక్కించడం, దించడం సులువవుతుందన్నది నా లెక్క. సోకు కోసం చేయించుకునే కుర్రవాళ్లూ ఉన్నారు. వారికీ ఈ విషయమంతా వర్తిస్తుంది.

షెడ్డు యజమాని నా మాట వినగానే “అనంతపురం వైపేనా అన్నా, మేమూ మనవాళ్లమే” అంటూ కుర్చీ వేశాడు. ముందు వైపు టార్షన్ బార్లు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీలు) సర్దుతామని, వెనుక లోయరింగ్ దిమ్మలు వేస్తామని, పొట్టి షాకబ్జర్లు పెడతామని, చివర వీల్ ఎలైన్‌మెంట్ చేసి ఇస్తామని చెప్పాడు. అల్యూమినియం దిమ్మలు, కమాన్లను యాక్సిల్‌కు బిగించే కొత్త యు బోల్టులు ఉన్న పెట్టెను తెరిచి చూపించాడు. చేతిలోకి తీసుకుంటే బరువుగా, నునుపుగా, మంచి పనితనంతో ఉన్నాయి. ఎవరికైనా నమ్మకం కలుగుతుంది.

అసలు కిటుకు ఆ దిమ్మల్లోనే ఉంది. వెనుక యాక్సిల్‌కూ కమాను కట్టకూ (బండి బరువు మోసే, వంపు తిరిగిన ఉక్కు పట్టీల లీఫ్ స్ప్రింగుకూ) మధ్య దిమ్మ పెట్టినప్పుడు బండి దిగుతుందా, లేస్తుందా అన్నది కమాను ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. కమాను కట్ట యాక్సిల్ కింద వేలాడే బండ్లు కొన్ని ఉంటాయి. విదేశాల్లో ఎత్తు తగ్గించి తిప్పే చిన్న పికప్‌లు చాలావరకు ఆ రకమే. వాటిలో దిమ్మ పెడితే యాక్సిల్ పైకి జరిగి బండి కిందికి దిగుతుంది. మన దగ్గర సరుకు మోసే పికప్‌లలో ఎక్కువగా కమాను కట్ట యాక్సిల్ మీద కూర్చుని ఉంటుంది. అక్కడ దిమ్మ పెడితే కమాను పైకి లేస్తుంది, దానితోపాటు ఛాసీ కూడా లేస్తుంది. అంటే బండిని దించడానికని నాకు అమ్మిన సామాను నా బండిని ఇంకా ఎత్తు చేసే సామాను! బిల్లులో మాత్రం ‘లోయరింగ్ బ్లాక్ సెట్టు’ అని శుభ్రంగా రాసి ఉంది.

ఈ తనిఖీకి మెకానిక్ అక్కర్లేదు. వెనుక చక్రం పక్కన కూర్చుని టార్చి వేసి చూడండి. ఇనుప గొట్టం లాంటి యాక్సిల్, దానికి అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చిన పట్టీలు కనిపిస్తాయి. పట్టీలు గొట్టం మీద ఉంటే, దిమ్మలు అమ్మేవాడికి దండం పెట్టి వచ్చేయండి.

మరి దిమ్మలు లేకుండా నా బండి మూడు అంగుళాలు ఎలా దిగింది? కలాసిపాళ్యలో కమాన్ల పని చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లాక తెలిసింది. ఆయన వంగి యు బోల్టులను చూశారంతే. నట్టు దాటి మర అంగుళంన్నరకు పైగా బయటికి పొడుచుకొచ్చి ఉంది. నట్టు కింద వాషర్లు ఒకదాని మీద ఒకటి పేర్చారు. “పట్టీలు తీసేశారు బాబూ. కట్ట పలచబడింది, మర సరిపోక వాషర్లు దూర్చారు” అన్నారు. లెక్కపెడితే ప్రతి వైపూ రెండేసి పట్టీలు లేవు. మిగిలినవాటి మీద కొత్త నల్లరంగు. ఆయన ఉప్పుకాగితంతో యాక్సిల్‌కు జానెడు దూరంలో రుద్దితే రంగు కింద నీలం, ఊదా కలిసిన మచ్చ, పక్కనే పొలుసుగా లేచిన ఇనుము బయటపడ్డాయి. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, వంపు పోయేలా నొక్కేశారు.

కాల్చితే ఏమవుతుందని అడిగేవారికి కొంచెం వివరంగా చెప్పాలి. కమాను పట్టీ మామూలు ఇనుము కాదు. సిలికాన్, మాంగనీసు, కొన్ని రకాల్లో క్రోమియం కలిసిన స్ప్రింగు ఉక్కు. దాన్ని 850 డిగ్రీలకు పైగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరుస్తారు. తరువాత సుమారు 400 నుంచి 500 డిగ్రీల మధ్య మళ్లీ వేడిచేసి పెళుసుతనం పోగొడతారు. వంగి మళ్లీ నిటారయ్యే గుణం ఆ రెండో వేడితో కుదురుతుంది. షెడ్డులో మంట పెట్టి ఎర్రబారేదాకా కాల్చారంటే ఆ హద్దు దాటిపోయినట్టే. కాలిన చోట ఉక్కు మెత్తబడుతుంది, దాని పక్కనున్న భాగం గట్టిగానే ఉంటుంది. బరువు పడినప్పుడల్లా ఆ రెండింటి సరిహద్దు దగ్గర ఒత్తిడి పోగవుతుంది. కొన్నాళ్లకు పట్టీ కుంగుతుంది, లేదా పుటుక్కున విరుగుతుంది. విరిగేది పై పట్టీ అయితే యాక్సిల్ ఒకవైపు వెనక్కి జరుగుతుంది, నడుస్తున్న బండి దారి తప్పుతుంది. వంపు తగ్గించాలంటే పట్టీని చల్లగా ఉండగానే ప్రెస్సులో గానీ సమ్మెటతో గానీ కొద్దికొద్దిగా సర్దాలి. పాతకాలపు మేస్త్రీలు అలాగే చేస్తారు, అందుకే వాళ్లకు సమయం పడుతుంది.

నాకు అనుమానం వచ్చింది మాత్రం కమాన్ల వల్ల కాదు, బ్రేకుల వల్ల. హొసకోట దాటాక వానలో, ఖాళీ బండితో వెళుతుంటే ముందు ఆటో ఆగింది. మామూలుగానే బ్రేకు తొక్కాను. వెనుక చక్రాలు పట్టేసి, ట్రే మొత్తం ఎడమవైపుకు జారి, బండి అడ్డం తిరగబోయింది. పక్క వరుస ఖాళీగా ఉండబట్టి సరిపోయింది. షెడ్డుకు ఫోను చేస్తే “టైర్లు అరిగాయేమో అన్నా” అన్నారు. వెనుక టైర్లు కొత్తవి.

కారణం యాక్సిల్ మీద ఉన్న ఒక చిన్న కడ్డీ. చాలా సరుకు బండ్లలో ఉన్నట్టే నా బండిలోనూ లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంది. ఛాసీకి బిగించిన ఆ వాల్వు నుంచి ఒక కడ్డీ యాక్సిల్‌కు వెళుతుంది. బరువు వేసినప్పుడు ఛాసీ కిందికి దిగుతుంది, కడ్డీ కదులుతుంది, బండి నిండుగా ఉందని వాల్వు గ్రహించి వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. ఖాళీగా ఉంటే ఒత్తిడి తగ్గిస్తుంది. బండిని మూడు అంగుళాలు దించి కడ్డీని సర్దకుండా వదిలేస్తే, ట్రేలో ఒక్క కుండీ లేకపోయినా వాల్వు దృష్టిలో బండి నిండుగా ఉన్నట్టే. తేలికైన వెనుక భాగానికి నిండు బండి బ్రేకు పడుతుంది. పొడి రోడ్డు మీద ఇది తెలియకపోవచ్చు. వానలో, అందులోనూ పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగేవారికి ఇలా జరిగితే ఏమవుతుందో ఊహించడానికే భయంగా ఉంది. ఈ వాల్వు గురించి షెడ్డులో ఒక్కరికీ తెలియదు. బండి ఎత్తు మార్చే ఏ మెకానిక్‌నైనా ముందు అడగవలసిన ప్రశ్న ఇదే: “వాల్వు కడ్డీని ఎలా సర్దుతారు?” తెల్లముఖం వేస్తే తాళం చెవి ఇవ్వకండి.

ముందు వైపు కథ చిన్నది. టార్షన్ బార్ల సర్దుబాటు బోల్టులను చివరికంటా వదులు చేసి ఊరుకున్నారు. చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్ చేతులు, అడుగున దెబ్బ ఆపే బంప్ రబ్బర్ల మీదకు వచ్చి కూర్చున్నాయి, కాబట్టి ప్రతి గుంతా నేరుగా ఛాసీకి తగులుతోంది. చక్రాలు పైభాగంలో లోపలికి ఒరిగి టైర్ల లోపలి అంచు అరగడం మొదలైంది. ఎలైన్‌మెంట్ చేశామని ఇచ్చిన కాగితం మీద బండి నంబరు ఏదో కారుది! పొట్టి షాకబ్జర్లు అన్నవి అసలు వేయనే లేదు. పాతవాటినే కడిగి బిగించారు. బండి దిగాక పాత షాకబ్జరుకు లోపలికి వెళ్లే చోటు చాలక అడుగు కొట్టుకుంటుంది. ఒకటి అప్పటికే నూనె కారుతోంది.

హంపుల (స్పీడ్ బ్రేకర్ల) సంగతి కూడా చెప్పాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం హంపు ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. మన కాలనీల్లో ఎవరికి వారు పోసుకున్న తారు గుట్టలను చూస్తే ఆ ప్రమాణం ఎవరి కోసం రాశారో అనిపిస్తుంది. ఎత్తు తగ్గించినా వెనుక హౌసింగ్ (యాక్సిల్ మధ్యలో గేర్లుండే డబ్బా) కింద జాగా మారదు, అది టైరు సైజు మీద ఆధారపడుతుంది. మారేది ఛాసీ, సైలెన్సర్, ముందు క్రాస్ మెంబర్ల (ఛాసీ అడ్డ దూలాల) కింద జాగా. “హౌసింగ్ కింద జాగా అలాగే ఉంది చూడండి” అని టేపుతో కొలిచి చూపిస్తే మురిసిపోకండి. నాకూ అలాగే చూపించారు.

చట్టం మాట అడిగితే, ఎత్తు ఆర్సీలో ఉండదు కాబట్టి ఇబ్బంది లేదన్నది షెడ్డువాళ్ల జవాబు. అంత తేలిక కాదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పసుపు బోర్డు (వాణిజ్య) బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. పట్టీలు తీసేసిన కమాన్లతో, వెనుక పట్టేసే బ్రేకులతో అక్కడికి వెళితే ఏమంటారో వేరే చెప్పాలా? ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి అభ్యంతరం చెప్పడానికి దారి మనమే చూపించినట్టవుతుంది. ఇక ఆర్సీలో రాసిన బరువు మోయడానికి ఆ కమాన్లు పనికిరావన్నది వేరే సంగతి.

పెద్దాయన సలహా మీద జె.సి. రోడ్డులో పూర్తి కమాను సెట్టు, కొత్త యు బోల్టులు, బుష్‌లు, షాకబ్జర్లు కొన్నాను. కూలితో కలిపి ఇంకో 31,000 అయింది. బండి తన అసలు ఎత్తుకు వచ్చింది, వాల్వు కడ్డీని కూడా ఆయన సరిచేశారు. కొత్త యు బోల్టులు కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగించాలని చెప్పి, తరువాత ఆ పని డబ్బు తీసుకోకుండా చేశారు. కుండీల కోసం ఆయన చెప్పిన ఉపాయం ట్రే తలుపుకు తగిలించే ఇనుప ర్యాంపు. వెల్డింగ్ షాపులో చేయించాను, చక్రాల బండి మీద కుండీ పెట్టి నెట్టేస్తున్నాం.

ఇప్పటికే ఎత్తు తగ్గించిన పాత పికప్ అమ్మకానికి వస్తే కూడా ఇవే గుర్తులు చూడండి: నట్టు దాటి పొడుచుకొచ్చిన మర, వాషర్ల దొంతర, కమాన్ల మీద మాత్రమే కొత్తగా మెరిసే రంగు, పట్టీలను కలిపి పట్టాల్సింది పోయి వదులుగా ఊగుతున్న కమాను క్లిప్పులు. కుడి, ఎడమ పట్టీలు లెక్కపెట్టి అదే మోడల్ వేరే బండితో పోల్చండి.

షెడ్డు డబ్బు తిరిగి ఇవ్వనంది. తీసేసిన పట్టీలు అడిగితే తుక్కులో వేశామన్నారు. కాబట్టి పాత సామాను తిరిగి ఇవ్వాలని ముందే కాగితం మీద రాయించుకోండి. నా దగ్గర చేతిరాత బిల్లు, ఫోనులో డబ్బు పంపిన ఆధారం, రంగు గీకినప్పుడు తీసిన ఫోటోలు, పెద్దాయన రాసిచ్చిన కాగితం ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి నమోదు చేయించాను, తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు వేశాను. ఐదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము లేదు, గడువు రెండేళ్లు. సొంత జీవనోపాధి కోసం నడుపుకునే బండి కాబట్టి వ్యాపార వాహనమన్న అభ్యంతరం నిలవదని నా వకీలు చెప్పారు. విచారణ తేదీ ఇంకా రాలేదు.

ఈలోగా ఆ షెడ్డు కిట్ ప్రకటనలు ఆపలేదు. తాజా ప్రకటనలో నంబరు చెరిపేసిన నీలం రంగు పికప్ ఒకటి నేలకు అతుక్కున్నట్టు నిలబడి ఉంటుంది, ట్రే మూలన పగిలిన కుండీ ముక్క కూడా కనిపిస్తుంది. ఆ ఫోటో చూసి ఫోను చేయాలనుకునేవారికి ఒక మాట: అది నా బండే.