కుక్కపిల్ల కొరుకుడుకి మేం వాడినవన్నీ: 14 నెలల తర్వాత రాస్తున్న సమీక్ష

ఒక రబ్బరు బొమ్మ గురించి రాద్దామని కూర్చున్నాను గానీ, అదొక్కటే కొంటే చాలని ఎవరైనా అనుకుంటే పాపం నాకే తగులుతుంది, అందుకని మొత్తం చెప్తాను.

మా బూచి నాటు కుక్క. తిరుపతి కొర్లగుంటలో మా వీధి చివర దొరికాడు, అప్పటికి రెండు నెలల పిల్ల. మొదటి నెలంతా తినడం, పడుకోవడం. మూడున్నర నెలలు వచ్చేసరికి పండ్లు పని మొదలుపెట్టాయి. మా ఆవిడ హవాయి చెప్పులు మూడు జతలు, నా హెల్మెట్ పట్టీ, టీవీ రిమోట్‌లో వాల్యూమ్ బటన్లు (ఛానల్ బటన్లు మాత్రం వదిలేశాడు, ఎందుకో), అవ్వ వక్కాకు తిత్తి. కట్టేస్తే తాడు కొరికేశాడు. ఒక రాత్రి వంటింట్లో గ్యాస్ ట్యూబు దగ్గర వాడి మూతి చూశాను, అప్పటినుంచి నాకు నిద్రలో కూడా టెన్షనే. మరుసటి రోజే వంటింటి గుమ్మానికి చిన్న ఇనుప గ్రిల్ పెట్టించాను. ఇప్పటికీ మేం పెట్టిన ఖర్చుల్లో నంబర్ వన్ అదే, బొమ్మ కాదు.

నేను తిట్టుకుంటూ ఉంటే అవ్వ అన్న మాట: "వాడికి పండ్లు ఊరతా ఉండాయిరా నాయనా. నువ్వు చంటిబిడ్డప్పుడు మంచం పట్టెడ కొరికినోడివి, మర్సిపోతివా?" నవ్వొచ్చింది గానీ విషయం అంతే. కుక్కపిల్లకి పాలపండ్లు 28. సుమారు నాలుగో నెల నుంచి అవి ఊడుతూ ఆరేడు నెలలకి 42 కొత్తవి వచ్చేస్తాయి. ఆ మధ్యలో చిగుళ్ళు సలుపుతాయి, ఏది దొరికితే అది నమలాలనిపిస్తుంది. ఒక పొద్దున ఇల్లు ఊడుస్తుంటే చీపురు కింద బియ్యపుగింజ లాంటిది కనపడింది, చేతిలోకి తీసుకుంటే పాలపన్ను, వేరు దగ్గర కొంచెం ఎర్రగా. ఆ రోజు నుంచి కోపం సగం తగ్గింది.

ముందు పనికిరానివి చెప్తాను.

చేదు స్ప్రే. ఆన్‌లైన్‌లో తెప్పించాను, పేరు ఎందుకులెండి. మొదటి రోజు కుర్చీ కాలికి కొట్టాను, బూచి నాకి, తుమ్మి, తల విదిలించుకుని వెళ్ళిపోయాడు. గెలిచాననుకున్నాను. మూడో రోజు అదే కాలిని హాయిగా నాకుతున్నాడు. రోజూ కొడుతూనే ఉండాలి, లేకపోతే చేదు పోతుంది. పైగా స్ప్రే కొట్టిన చేత్తో దోసె తుంచుకుని నోట్లో పెట్టుకున్నాను చూడండి, ఆ పూట కాఫీ కూడా కషాయమే. ఒక్క చార్జర్ వైర్ల విషయంలో మాత్రం నిజంగా ఉపయోగపడింది. సీసా అయిపోయాక మళ్ళీ కొనలేదు.

వేపనూనె పూయమని ఒకరు, కారంపొడి చల్లమని ఇంకొకరు. వేపనూనె పూస్తే ఇల్లంతా కంపు, వాడు దాన్నీ నాకడం చూసి కడుపు చెడుతుందని తుడిచేశాం. కారం జోలికి మాత్రం పోకండి. కళ్ళలో ముక్కులో పడితే ఆ మూగజీవం ఏం చేస్తుంది.

తాడు బొమ్మ తెచ్చాను, వారానికి పోగులు పోగులుగా ఊడొచ్చింది. అవి మింగితే పేగులో చుట్టుకుంటాయని తీసి పారేశాను. ఇక్కడే బజార్లో 80 రూపాయలకి కొన్న రబ్బరు ఎముక మూడో రోజుకి ముక్కలు. మటన్ వండినప్పుడు ఎముక వేద్దామా అంది మా ఆవిడ. ఉడికిన ఎముక పెళుసుగా చీలుతుంది, గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది, వద్దన్నాను.

ఇక కాంగ్ అనే రబ్బరు బొమ్మ. దీని కథ నాకు భలే నచ్చింది. 1970ల్లో అమెరికాలో జో మార్క్‌హామ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అని ఒక జర్మన్ షెపర్డ్ ఉండేది, రాళ్ళు కొరికి పండ్లు పాడుచేసుకునేది. ఆయన పాత ఫోక్స్‌వాగన్ వ్యాను రిపేరు చేస్తుంటే ఒక రబ్బరు విడిభాగం దాని నోటికి దొరికింది, ఇక రాళ్ళు వదిలేసి దాన్నే పట్టుకుంది. బొమ్మకి ఆ ఆకారం అక్కడినుంచే వచ్చింది. మూడు ఉండలు ఒకదానిమీద ఒకటి పెట్టినట్టు ఉంటుంది, లోపల బోలు. పిల్లలకి మెత్తటి రబ్బరుది వేరే ఉంటుంది, పెద్దయ్యాక ఎర్రది. పాలపండ్ల మీద గట్టి రబ్బరు పెట్టకూడదు, అందుకని మేం మొదట మెత్తది కొన్నాం, ఏడో నెలలో ఎర్రదానికి మారాం. సైజు కూడా చూసుకోవాలి, మొత్తంగా నోట్లో పట్టేంత చిన్నది కొంటే గొంతుకి అడ్డం పడుతుంది.

ఖాళీ బొమ్మ ఇస్తే రెండు నిమిషాలు కొరికి మళ్ళీ చెప్పుల దగ్గరికే పోయాడు. వెయ్యి రూపాయలు నీళ్ళలో పోశావని ఇంట్లో క్లాసు. అసలు కిటుకు లోపల పెట్టేదాంట్లో ఉంది. విదేశీ వీడియోల్లో అందరూ పీనట్ బటర్ అంటారు, కానీ కొన్ని డబ్బాల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, అది కుక్కలకి విషం. మన జిల్లాలో చెనిక్కాయలకి కరువా? అవ్వ వేయించి, పొట్టు తీసి, ఉప్పు లేకుండా రోట్లో నూరి ఇచ్చింది. అడుగున చెంచాడు అది, మీద చప్పటి పెరుగన్నం (తాలింపు, ఉల్లిపాయ ఏమీ లేకుండా), పైన మూతలాగా రాగి సంగటి అదిమి, రాత్రంతా ఫ్రీజర్‌లో. పొద్దున తీసి ఇస్తే ముప్పావు గంట ఉలుకూ పలుకూ లేదు. చల్లదనం చిగుళ్ళకీ హాయి. మే నెల తిరుపతి ఎండలో అయితే దాన్ని ముందుకాళ్ళ మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుని నాకేవాడు. పాలపండ్లు ఊడే రోజుల్లో తడిగుడ్డ మెలిపెట్టి గడ్డకట్టించి ఇచ్చినా బాగానే పనిచేసింది, కాకపోతే గుడ్డ చింపుతున్నాడేమో పక్కన కూర్చుని చూడాలి.

లోపాలు లేకపోలేదు. కడగడం నరకం. బాటిల్ బ్రష్ లేకపోతే లోపల అన్నం మెతుకులు పులుస్తాయి. ఒకరోజు సోఫా కింద మర్చిపోతే తెల్లారేసరికి చీమల పుట్ట. ఒకటి కడిగేలోపు ఇంకొకటి కావాలి కాబట్టి రెండు కొనాల్సొచ్చింది. తిండి ఎక్కువై వాడికి బొజ్జ కూడా వచ్చింది, దాంతో రాత్రి అన్నం తగ్గించాం.

బొమ్మకంటే ముఖ్యమైన సంగతి ఒక దర్శనం పుణ్యమా అని తెలిసింది. తిరుపతిలో ఇల్లుంటే చుట్టాలకి కొదవ ఉండదు కదా. కొండ దిగి వచ్చినవాళ్ళు లడ్డు కవరు నేలమీద పెట్టి స్నానానికి వెళ్ళారు. వచ్చేసరికి కవరు పేలికలు, లడ్డు సగం మాయం. అవ్వ "ప్రసాదమే గదా, ఏమైతాదిలే" అంది. కానీ లడ్డులో కిస్‌మిస్ ఉంటుంది, ద్రాక్షా కిస్‌మిస్సూ కుక్కల కిడ్నీలని దెబ్బతీస్తాయి. బండి మీద ఒళ్ళో పెట్టుకుని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పరిగెత్తాం. వాంతి చేయించారు, రెండు రోజులు రక్తపరీక్షలు చూశారు, గట్టెక్కాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మోకాలి ఎత్తు కింద ఏమీ ఉండదు. చెప్పులకి తలుపున్న స్టాండ్, సంచులన్నీ మేకులకి.

ఇంకొకటి. నోట్లో ఏదో పట్టుకున్నాడని వెంటపడ్డామా, అది వాడికి ఆట. పావుగంట ముందు కొరికినదానికి ఇప్పుడు కొడితే ఎందుకు కొట్టారో వాడికి తెలియదు, మంచం కిందికి దూరడం మాత్రం నేర్చుకుంటాడు. ఉడికించిన కోడిముక్క చూపించి "వదులు" అంటే వదిలేవాడు. పది రోజుల్లో ముక్క లేకుండా కూడా సగం సార్లు వదిలాడు. సాయంత్రం ఏడింటికి పిచ్చిపట్టినట్టు అన్నీ కొరుకుతుంటే ఇంకా ఆడించాలని మేం పొరబడ్డాం, తీరా చూస్తే వాడికి కావాల్సింది నిద్ర. లైటు తీసి ఓ మూల పడుకోబెడితే ఐదు నిమిషాల్లో గురక.

కొత్త పండ్లు వచ్చాక ఆగిపోతుందనుకున్నాం, ఎనిమిదో నెలలో మళ్ళీ ఒక విడత మొదలై పదకొండు దాకా లాగింది. ఇప్పుడు ఏడాదిన్నర దాటాడు. ఎర్ర బొమ్మ మీద పండ్ల గాట్లు ఉన్నాయి గానీ ముక్క ఊడలేదు. అయిదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి ఎందుకు తగ్గించానంటే, దాన్ని పైకి ఎగరేసి టైల్స్ మీద పడేసుకోవడం వాడికి కొత్త సరదా, అదీ రాత్రి పదకొండింటికి. కింద ఇంటి ఆంటీ రెండుసార్లు పైకి వచ్చి అడిగారు. చప్పుడు వినపడకుండా హాల్లో మందపాటి పట్టా వేశాం. పోయిన వారం చూస్తే దానికి ఒక మూల లేదు.