చచ్చి చచ్చి ఆడే ఆటలు ఎక్కడ కొనాలి: స్టీమా, గాగా, ఇచ్చా, ఎపిక్కా?

కష్టమైన ఇండీ ఆట, అంటే చిన్న బృందాలు సొంతంగా చేసే కంప్యూటర్ ఆట, స్టీమ్, గాగ్, ఇచ్, ఎపిక్ లాంటి ఆన్‌లైన్ దుకాణాల్లో కొనేటప్పుడు అందరూ మొదట చూసేది ఎక్కడ చవక అని. నిజానికి అది మూడో ప్రశ్న. ఆట మనకు పడుతుందో లేదో తేల్చుకోడానికి దుకాణం ఎంత గడువిస్తుందన్నది మొదటిది. ఇరవై గంటలు చచ్చీ బతికీ సంపాదించిన సేవ్ ఫైల్, కరెంటు పోయినా నెట్ పోయినా లాప్‌టాప్ మారినా నిలుస్తుందా అన్నది రెండోది. గాలివానకి కొబ్బరి మట్ట తీగల మీద పడితే సాయంత్రం దాకా కరెంటు రాని కోనసీమ ఊళ్లో ఈ రెండో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు.

ముందు కష్టం సంగతి. అన్ని కష్టమైన ఆటలూ ఒక్క తీరున కష్టపెట్టవు. 2018 నాటి సెలెస్ట్‌లో చస్తే అదే తెర మొదట్లో లేస్తాం, అదీ రెప్పపాటులో. వందసార్లు చచ్చినా విసుగు రాకపోవడానికి కారణం అదే. 2017 నాటి హాలో నైట్‌లో చస్తే చేతిలో ఉన్న జియో (ఆటలో డబ్బు) మొత్తం చచ్చిన చోటే మన నీడ దగ్గర ఉండిపోతుంది. వెళ్లి ఆ నీడను కొట్టి తెచ్చుకునేలోపు మళ్లీ చచ్చామా, ఆ డబ్బుకి నీళ్లొదులుకోవడమే. స్లే ద స్పైర్, స్పెలంకీ అయితే ఏకంగా మొదటికే పంపుతాయి. సుత్తి ఊతంతో కొండెక్కే గెటింగ్ ఓవర్ ఇట్‌లో చావన్నదే లేదు గానీ, వైకుంఠపాళిలో చివరి వరస దాకా పాకి పెద్ద పాము నోట్లో పడ్డట్టు ఒక్క సుత్తి దెబ్బ తప్పితే ఎక్కిన కొండంతా జారిపోతాం.

దుకాణం ఎంపిక ఇక్కడే తేలుతుంది. సెలెస్ట్, సూపర్ మీట్ బాయ్ లాంటివి మనకు సరిపడతాయో లేదో అరగంటలో తెలిసిపోతుంది. హాలో నైట్ అలా కాదు. కొత్తవాళ్లలో చాలామందికి మొదటి రెండు గంటల్లో డ్యాష్ (ఒక్క ఉదుటున ముందుకు దూసుకెళ్లే శక్తి) కూడా చేతికి రాదు. మ్యాపు కొనుక్కుని, దారి తప్పి, తిరిగి అదే బెంచీ (ఆట సేవ్ అయ్యే చోటు) దగ్గరికి చేరేసరికే ఆ రెండు గంటలూ అయిపోతాయి. ఆట అసలు రుచి ఆ తర్వాతే మొదలవుతుంది.

స్టీమ్‌లో రిఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. ఎపిక్‌లోనూ ఇంచుమించు ఇదే లెక్క. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఆట తెరిచి ఉన్నంతసేపూ ఆ గడియారం తిరుగుతూనే ఉంటుంది. పాజ్‌లో పెట్టి భోజనానికి లేచినా, మెనూ తెర మీద వదిలేసి ఫోన్ మాట్లాడినా అదంతా ఆడినట్టే లెక్క. తేల్చుకోడానికి కొన్న ఆటైతే లేచిన ప్రతిసారీ పూర్తిగా మూసెయ్యాలి. గాగ్ మాత్రం 30 రోజులిస్తుంది, అదీ దించుకుని, తెరిచి, ఆడాక కూడా. ఎన్ని గంటలు ఆడామన్న షరతు లేదు. 2020లో మొదలైన ఈ పద్ధతిని వాడుకుని ఆట అంతా పూర్తిచేసి డబ్బు వెనక్కి అడిగేవాళ్లను దుకాణం గమనిస్తూనే ఉంటుంది. అది వేరే సంగతి. నిదానంగా విప్పుకునే హాలో నైట్, రెయిన్ వరల్డ్ లాంటి ఆటలకు మా ఓటు గాగ్‌కే.

రిఫండ్ నొక్కే ముందు ఒకటి చూసుకోవాలి. తప్పు ఆటదేనా, తెరదా? సెలెస్ట్‌లో అంచు దాటి కాలు గాల్లోకి వచ్చాక కూడా సెకనులో పదో వంతు సేపు జంప్ పనిచేస్తుంది. సెకనుకు 60 ఫ్రేముల లెక్కన అది 6 ఫ్రేములు. ఆట తయారుచేసినవాళ్లు మనల్ని చూసీచూడనట్టు వదిలేసే వెసులుబాటు అది. లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐతో హాల్లో టీవీ తగిలించి, గేమ్ మోడ్ వెయ్యకుండా ఆడితే, టీవీ బొమ్మకు మెరుగులు దిద్దుతూ ఆలస్యంగా చూపిస్తుంది. అంచు కనిపించి మనం నొక్కేసరికి ఆ 6 ఫ్రేముల్లో చాలావరకు టీవీయే మింగేసి ఉంటుంది. అప్పుడు ‘బటన్ నొక్కినా ఎగరట్లేదు’ అని ఆటను తిడతాం. ముందు గేమ్ మోడ్ ఆన్ చెయ్యండి, బ్లూటూత్ కంట్రోలర్ బదులు కేబుల్ పెట్టండి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే సెలెస్ట్‌లో అసిస్ట్ మోడ్ ఉంది, అందులో ఆట వేగం తగ్గించుకోవచ్చు. సిగ్గుపడాల్సిన పని లేదు.

అసలు పైసా పెట్టకుండా తేల్చుకోవాలంటే ఇచ్ ఐఓకి వెళ్లాలి. సెలెస్ట్‌కి మూలమైన చిన్న ఆటను మ్యాడీ థోర్సన్, నోయెల్ బెర్రీ నాలుగు రోజుల్లో తయారుచేశారు. అది అక్కడ ఉచితంగా బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు. 30 తెరలు, డౌన్‌లోడ్ లేదు. పదో తెర దగ్గర పళ్లు కొరుకుతూ కూడా ఇంకోసారి నొక్కుతున్నారంటే పెద్ద సెలెస్ట్ మీ కోసమే. అమ్మకంలో దుకాణానికి ఎంత వాటా ఇవ్వాలో ఇచ్‌లో తయారీదారే నిర్ణయించుకుంటాడు. స్టీమ్ మామూలుగా తీసుకునేది 30 శాతం. తయారుచేసినవాళ్లకు ఎక్కువ చేరాలనుకునేవాళ్లకి ఇది పనికొచ్చే లెక్క. కాకపోతే ఇచ్‌లో వెతకడం బురదలో సూది వెతుకులాటే, పేరు తెలిసి వెళ్తేనే నయం.

ఎపిక్ గురించి రెండు ముక్కలు చాలు. వారం వారం ఉచితంగా ఇచ్చేవి వదలకండి. 2019లో సెలెస్ట్‌ను కూడా అలాగే పంచింది. డబ్బు పెట్టి కొనడానికి మాత్రం ఈ రకం ఆటల్లో ప్రత్యేకంగా ఎపిక్‌కే వెళ్లాల్సిన కారణం కనిపించదు.

చెల్లింపులో స్టీమ్‌దే సుఖం. ధర రూపాయల్లో ఉంటుంది, యూపీఐ నడుస్తుంది. గాగ్ బిల్లు డాలర్లలో వస్తుంది. కార్డుని బట్టి బ్యాంకు 2 నుంచి 3.5 శాతం దాకా మార్పిడి రుసుము, దాని మీద జీఎస్టీ వేసుకుంటుంది. ముందుగా బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ ఆన్‌లైన్ లావాదేవీలు ఆన్ చెయ్యకపోతే పేమెంట్ తిరగ్గొడుతుంది. కొన్నాక మళ్లీ ఆఫ్ చెయ్యడం మర్చిపోవద్దు, విదేశీ సైట్లు చాలాసార్లు ఓటీపీ అడగవు.

ఇక నెట్. హాలో నైట్ డిస్కులో 9 జీబీ జాగా అడుగుతుంది. సెలెస్ట్‌కి 1.2 జీబీ చాలు. పంటు దాటి వెళ్లాల్సిన లంక ఊళ్లో రోజుకి 1.5 జీబీ మొబైల్ డేటా మీద బతికేవాళ్లకి మొదటిది ఆరు రోజుల దాకా పట్టే పని. స్టీమ్ ఆగిన చోటి నుంచి మళ్లీ అందుకుంటుంది. గాగ్ నుంచి బ్రౌజర్‌లో దించుకుంటుంటే మధ్యలో తెగిన ఫైలు మొదటికొచ్చే ప్రమాదం ఉంది. అందుకని గాగ్ వాళ్ల గెలాక్సీ యాప్‌లోంచే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ (నెట్ లేకుండానే ఆట ఎక్కించే ఫైలు) దించుకోవాలి. భీమవరంలో హాస్టల్ వైఫైలో దించి పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకునేవాళ్లకి గాగ్ నిజంగా వరం. ఆ ఇన్‌స్టాలర్‌కి లాగిన్ అక్కర్లేదు, ఏ మిషన్లో అయినా నడుస్తుంది. స్టీమ్‌లోనూ ఆట ఫోల్డర్ కాపీ చేసి తెచ్చుకోవచ్చు, ఇంటి దగ్గర తేడా ఉన్నంత మేరకే దించుకుంటుంది. పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ మించిన ఒక్క ఫైలునీ పట్టనివ్వదు. విండోస్ 7తో నెట్టుకొస్తున్న పాత లాప్‌టాప్ అయితే వాదనే లేదు, గాగే. 2024 జనవరి 1 నుంచి స్టీమ్ దాన్ని వదిలేసింది.

ఇన్‌స్టాలర్ చేతిలో ఉండడంలో ఇంకో సుఖముంది. 2025 సెప్టెంబరు 4న హాలో నైట్ తర్వాతి భాగం సిల్క్‌సాంగ్ వచ్చిన కొద్ది రోజులకే అప్‌డేట్‌తో మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే బాస్‌లతో (పెద్ద శత్రువులతో) పోరాటాలను కాస్త తేలిక చేశారు. స్టీమ్ దానంతటదే కొత్తది ఎక్కించేస్తుంది. గాగ్‌లో మొదటి ఇన్‌స్టాలర్ దాచుకున్నవాళ్ల దగ్గర ఆ మొదటి కష్టం అలాగే ఉంది.

సేవ్ ఫైల్ దగ్గర, దాని కాపీని నెట్‌లో దాచే స్టీమ్ క్లౌడ్ మంచిదే, ఒక్క గండం తప్ప. నెట్ లేకుండా ఇంట్లో వారం ఆడి, ఆ తర్వాత ఆన్‌లైన్‌కి వస్తే లోకల్ సేవ్ ఉంచాలా, క్లౌడ్‌లోది ఉంచాలా అని అడగొచ్చు. తేదీ, గంట చూసి కొత్తదాన్ని ఎంచుకోవాలి. తొందరలో క్లౌడ్ నొక్కితే వారం కష్టం గోదాట్లో కలిసినట్టే. గాగ్ ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్‌తో ఆడితే క్లౌడే ఉండదు కాబట్టి కాపీ మన పని. విండోస్‌లో హాలో నైట్‌కి యూజర్ ఫోల్డర్‌లో దాగి ఉండే యాప్‌డేటా, అందులో ‘లోకల్‌లో’ (LocalLow) ఫోల్డర్, అందులో టీమ్ చెర్రీ, అందులో హాలో నైట్ తెరిస్తే యూజర్1 పేరుతో ఫైలు కనిపిస్తుంది. వారానికోసారి దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి.

కరెంటు పోతే ఏమవుతుంది? హాలో నైట్‌లో బాస్ మధ్యలో పోతే చివరి బెంచీ దగ్గర లేస్తాం, చావలేదు కాబట్టి అప్పటికి సేవ్ అయిన జియో పోదు. ఒక్కోసారి ఓడిపోబోతుండగా కరెంటు పోవడం అదృష్టమే. స్లే ద స్పైర్‌లో ఆ పోరాటం మొదటి నుంచి వస్తుంది. అసలు భయం సేవ్ రాస్తున్న క్షణంలో డెస్క్‌టాప్ ఆగిపోతే ఫైలు చెడడం. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందంటే ఇన్వర్టర్ మీద యూపీఎస్, ఎకో అని ఉండే స్విచ్ చూడండి. ఎకోలో ఉంటే బ్యాటరీకి మారడానికి పట్టే సమయాన్ని కంప్యూటర్ ఓర్చుకోలేకపోవచ్చు, యూపీఎస్ వైపు తిప్పాలి.

స్టీమ్‌లోనే కొనాలనుకునేవాళ్లు సేల్ తేదీలు చూసుకోండి. శీతాకాలం సేల్ మామూలుగా జనవరి మొదటి వారానికల్లా అయిపోతుంది. సంక్రాంతికి ఊరొచ్చాక కొందాంలే అనుకుంటే భోగి నాటికి పాత ధరే ఉంటుంది. హాస్టల్లో ఉండగానే కొని, వైఫైలో దించి, అప్‌డేట్ అంతా అయ్యాక ఆటను ఒకసారి తెరిచి చూసి, స్టీమ్‌ను ఆఫ్‌లైన్ మోడ్‌లో పెట్టి బస్సెక్కండి.