వాకిట్లో పాచి వదిలించడానికి యాసిడ్, ప్రెషర్ వాషర్, బ్లీచింగ్ పౌడర్: ఏది మేలు?

హైదరాబాదులో జూన్ వానలు పట్టుకున్న కొన్ని వారాలకే ఇంటికి ఉత్తరం వైపు సందులోనూ, సంపు చుట్టూ, ఏసీ నీళ్లు కారే చోటా బండలు పచ్చబడి కాలు పెడితే జారిపోయే స్థితికి వస్తాయి. ఆ పాచిని వదిలించడానికి ఎక్కువమంది ఆశ్రయించేవి యాసిడ్, నీటిని జోరుగా చిమ్మే ప్రెషర్ వాషర్, బ్లీచింగ్ పౌడర్. వీటిలో ఏది మేలో తేల్చుకునే ముందు కాళ్ల కింద ఉన్నది ఏ రాయో చూసుకోవాలి. నగరంలోని పాత ఇళ్ల వాకిళ్లలో విరివిగా కనిపించే తాండూరు, షాబాదు బండలు రెండూ సున్నపురాయి జాతివి. ఇటీవలి అపార్ట్‌మెంట్లలో గ్రానైటు, సిమెంటు పేవర్లు (నేల మీద పరిచే సిమెంటు ఇటుకలు) ఎక్కువ.

బాత్‌రూములు కడిగే యాసిడ్‌ను, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని, తాండూరు బండ మీద పోయగానే బుసబుసమని నురుగు వస్తుంది. మురికి కరుగుతోందని చూసేవారు సంతోషిస్తారు గానీ, నిజానికి అక్కడ కరుగుతున్నది రాయిలోని కాల్షియం కార్బనేట్. నురుగులో ఉన్నది కార్బన్ డయాక్సైడ్. పాచితోపాటు రాతి నునుపూ పోయి, గరుకుదేలిన ఆ ముఖం మీద నీరు, మట్టి మరింత సులువుగా నిలిచి, మరుసటి వానాకాలానికి పాచి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గ్రానైటు ఇంతగా దెబ్బతినదు. అయితే బండల మధ్య సిమెంటు సందులను యాసిడ్ తినేస్తుంది. చవకగా, చప్పున దొరుకుతుందన్న ఒక్క కారణంతో దీన్ని వాడటం నాకు సమ్మతం కాదు.

ప్రెషర్ వాషర్ గ్రానైటుకు బాగా నప్పుతుంది. సిమెంటు పేవర్ల మీద మాత్రం సన్నని ధార పెడితే పై పొర రేగిపోతుంది, సందుల్లోని ఇసుక కొట్టుకుపోయి ఇటుకలు కదులుతాయి. కాబట్టి విసనకర్రలా విచ్చుకునే నాజిల్ పెట్టి, అడుగు దూరం నుంచి ఏటవాలుగా కొట్టి, ఆరిన తర్వాత సందుల్లో పొడి ఇసుక చీపురుతో నింపాలి. పైగా ఇది పాచిని లేపుతుందే కాని చంపదు; లేచిన తుక్కు గోడ మీద చిందిపడి అక్కడా మొలకెత్తగలదు.

నా ఓటు బ్లీచింగ్ పౌడర్‌కే. పది లీటర్ల బకెట్టు నీటిలో సుమారు 100 గ్రాములు కలిపి, అడుగున సున్నపు మడ్డి పేరుకునేదాకా ఆగి, పైనున్న తేట నీటిని మాత్రమే వాడాలి. మడ్డితో సహా పోస్తే బండ మీద తెల్లని మరకలు మిగులుతాయి. ఎండలో క్లోరిన్ బలం త్వరగా తగ్గిపోతుంది గనుక సాయంత్రం పూట, ముందుగా ఒక మూల పరీక్షించుకొని, చల్లి ఇరవై నిమిషాలు ఉంచి, గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది కడగాలి. ఇనుప బ్రష్ వాడితే దాని పొడి తుప్పు పట్టి రాతి మీద ఎర్రని చారలు వేస్తుంది. చేతులకు గ్లవుజులు తప్పనిసరి. కడిగిన నీరు మొక్కల పాదుల్లోకి పోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ చల్లరాదు. రెండూ కలిస్తే వెలువడే క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

అయితే ఈ పని వానాకాలందాకా వాయిదా వేయనక్కరలేదు. పాచికి నిజమైన వేర్లు ఉండవు. మే నెల ఎండకు అది నల్లని పొరలా ఎండి, అంచులు లేచి ఉంటుంది. చూడ్డానికి చచ్చినట్టే ఉన్నా తొలకరి తగలగానే చాలావరకు తిరిగి పచ్చబడుతుంది కాబట్టి, ఆ ఎండిన స్థితిలోనే ప్లాస్టిక్ గరిటెతో గీకి ఊడ్చేస్తే బ్లీచింగ్ అవసరం సగానికి సగం తగ్గుతుంది. ఏసీ గొట్టం చివర మరో నాలుగడుగుల పైపు తొడిగి నీటిని మొక్కల పాదులోకి మళ్లిస్తే, ఆ మూలకు గీకడం కూడా అరుదుగానే అవసరమవుతుంది.