కిసుములో మేం దిగిన చర్చి గెస్ట్ హౌస్: గుంటూరు, విజయవాడ నుంచి వెళ్ళే టీమ్స్ కోసం

అందరికీ వందనాలండి. కెన్యాలో కిసుము అనే ఊరికి మా గుంటూరు సంఘం తరఫున సువార్త పని మీద వెళ్ళొచ్చాం, అక్కడ లోకల్ చర్చి వాళ్ళే నడిపే గెస్ట్ హౌస్‌లో దిగాం. వచ్చిన దగ్గర్నుంచి ఎక్కడ దిగారు, ఎలా ఉంది, హోటల్ మంచిదా గెస్ట్ హౌస్ మంచిదా అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒకేచోట రాస్తున్నా. ముందే చెప్పేస్తా, రూమ్‌కి అయిదుకి మూడు స్టార్లు ఇస్తా, మనుషులకి ఎన్ని ఇచ్చినా తక్కువే.

రూములు చిన్నవి కానీ శుభ్రంగా ఉంటాయి. షవర్‌లో నీళ్ళు సన్నగా వస్తాయి, పొద్దున్నే అందరూ ఒకేసారి తిప్పితే అదీ రాదు, బకెట్ అడిగి పెట్టుకోండి. కరెంటు అప్పుడప్పుడూ పోతుంది. ప్లగ్గులు బ్రిటన్ టైపు మూడు చదరం పిన్నులవి, అడాప్టర్ ఇక్కడే కొనుక్కెళ్ళండి. ఊరు భూమధ్యరేఖకి పక్కనే, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంటుంది, కానీ మన రోహిణి కార్తె చూసినవాళ్ళకి అది ఎండ కిందే లెక్కకాదు, సాయంత్రం సరస్సు మీంచి గాలి హాయిగా ఉంటుంది. దోమలు మాత్రం విపరీతం. మా రూమ్‌లో దోమతెర చిరిగి ఉంది, చెప్పగానే ఇంకోటి తెచ్చి కట్టారు.

భోజనం సంగతి. వాళ్ళ ఉగాలి మొక్కజొన్న పిండితో చేసే గట్టి ముద్ద, సంగటి అలవాటున్నవాళ్ళకి ఇబ్బంది లేదు, పక్కన సుకుమ వికి అని ఆకుకూర వేపుడు, సరస్సు తిలాపియా చేప మొత్తంగా వేయించి ఇస్తారు, ఆ చేప రుచి మాత్రం అద్భుతం. కారం దాదాపు ఉండదు. వంట చేసే ఆవిడని అక్కడ అందరూ మామా అంటారు (వాళ్ళ భాషలో అమ్మ అని), మేం కూడా అలాగే పిలిచాం, రెండో రోజుకే మా ప్లేట్లు చూసి ఏదో తేడాగా ఉందని కనిపెట్టి మమ్మల్నే వంటింట్లోకి పిలిచి స్టవ్ ఇచ్చేసింది, మీ పద్ధతిలో చేసుకోండి నేను చూసి నేర్చుకుంటా అని. డబ్బు తీసుకునే ఏ హోటల్లో అయినా వంటిల్లు ఇస్తారా చెప్పండి. మా వాళ్ళు పచ్చిపులుసు చేశారు, ఆవిడ కూడా మాతో కూర్చుని తింది.

ఇప్పుడు అసలు రాయాలనుకున్నది. రెండో వారంలో ఒక రాత్రి మా టీమ్‌లో పెద్దావిడ, మేమంతా అమ్మగారూ అంటాం, చలితో వణికిపోతూ లేచారు, ఒళ్ళు కాలిపోతోంది. ఆఫీస్ మూసేశారు, మాకు ఊరు తెలీదు, ఎవరి నంబరూ లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ అన్నకి చెప్తే ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా వెనక వీధిలో ఉండే టుక్‌టుక్ డ్రైవర్‌కి ఫోన్ చేశాడు (మన ఆటోనే, అక్కడ ఊరంతా అవే), అతను నిద్రలోంచి లేచి వచ్చాడు, వచ్చేటప్పుడు భార్యని కూడా లేపి తీసుకొచ్చాడు. ఎందుకంటే పేషెంట్ ఆడమనిషి, పక్కన ఇంకో ఆడమనిషి ఉండాలి కదా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయి నాకు. ఆవిడ ముక్కూమొహం తెలీని మా అమ్మగారిని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రి దాకా వచ్చింది, తన శాలువ తీసి కప్పింది.

అక్కడ టెస్టుకి డబ్బు కట్టాలన్నారు, మా దగ్గర డాలర్లే ఉన్నాయి, ఆ టైంలో మార్చేవాళ్ళు ఎవరుంటారు. కెన్యాలో అంతా ఎం-పెసా మీద నడుస్తుంది, 2007 నుంచీ ఉంది ఆ సర్వీసు, మన ఫోన్‌పే లాంటిది కానీ స్మార్ట్‌ఫోన్ లేకపోయినా చిన్న బటన్ ఫోన్‌లో కూడా పనిచేస్తుంది. ఆ అక్క తన బటన్ ఫోన్ తీసి టెస్టుకీ మందులకీ తనే కట్టేసింది. మలేరియా అని తేలింది, టాబ్లెట్లు ఇచ్చారు, తెల్లారేదాకా ఇద్దరూ మాతోనే బెంచీ మీద కూర్చున్నారు. పొద్దున డాలర్లు మార్చి ఇవ్వబోతే తను కట్టినంత తీసుకుంది అంతే, ఆయన పెట్రోలుకి సరిపడా తీసుకుని మిగతాది మా చేతిలో పెట్టేశాడు. రాత్రంతా పనిపోయింది, పొద్దున బండి తిప్పుకోవాలి, రోజు గడిస్తేనే డబ్బులు వచ్చే ఇల్లు అది. అమ్మగారు లేచి తిరిగేదాకా సాయంత్రం సాయంత్రం వచ్చి చూసి వెళ్ళారు. ఏ చర్చికి వెళ్తారో మేం అడగలేదు, వాళ్ళూ మా గురించి అడగలేదు.

ఇంకొకాయన, బజార్లో గుజరాతీ షాపు పెద్దాయన. రైలు పట్టాలేసే కాలం నుంచీ అటు మనదేశం వాళ్ళు చాలామంది స్థిరపడ్డారు, ఆ రైలు 1901లో కిసుము దాకా వచ్చింది. అమ్మగారికి జావ కాచాలి బియ్యం నూక ఉందా అని వెళ్తే నూక, పెసరపప్పు, ఇంట్లోంచి కరివేపాకు కూడా తెప్పించి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

మిషన్ ట్రిప్ నుంచి వచ్చాక సాక్ష్యాలు చెప్పేటప్పుడు ఎన్ని కూటాలు పెట్టాం, ఎంతమంది వచ్చారు అనే చెప్తారండి ఎక్కువగా, మనకి అన్నం పెట్టినవాళ్ళ గురించి చెప్పడానికి టైం ఉండదు. మన గుంటూరు చరిత్ర కూడా అలాగే ఉంది. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు అమెరికా నుంచి వచ్చారని, అప్పటి కలెక్టర్ స్టోక్స్ గారు ఆహ్వానించారని మనందరికీ తెలుసు, 1883లో వచ్చిన డాక్టర్ కుగ్లర్ అమ్మగారి పేరు మీద ఆసుపత్రి ఇప్పటికీ ఉంది. కానీ వాళ్ళు కొత్తలో వచ్చినప్పుడు భాష నేర్పినవాళ్ళు, మంచినీళ్ళు మోసి తెచ్చినవాళ్ళు, జ్వరం వస్తే పక్కన కూర్చున్న గుంటూరు వాళ్ళు ఉండే ఉంటారు కదా, ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం. బైబిల్లో ఓడ పగిలి మెలితే (ఇప్పటి మాల్టా) ద్వీపంలో పడ్డ పౌలుకి చలికి మంట వేసి ఆదరించింది కూడా ఎవరో తెలీనివాళ్ళే, వాళ్ళకి అప్పటికి సువార్త కూడా తెలీదు. అందుకే ఈ గెస్ట్ హౌస్ గురించి రాస్తే ఆ వాచ్‌మన్, ఆ టుక్‌టుక్ దంపతులు, మామా గురించే రాయాలనిపించింది.

వెళ్ళేవాళ్ళకి కొన్ని విషయాలు. ఎల్లో ఫీవర్ టీకా బయల్దేరడానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, కార్డు పోగొట్టుకోకండి, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో చూస్తారు. మలేరియా రాకుండా మందులు ఏం వాడాలో డాక్టర్‌ని అడగండి, ఇంటికొచ్చాక జ్వరం వచ్చినా ఆఫ్రికా వెళ్ళొచ్చామని తప్పకుండా చెప్పండి. 2024 నుంచి వీసా బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ (ముందుగా తీసుకునే ప్రయాణ అనుమతి) తీసుకుంటే చాలు. ప్లాస్టిక్ కవర్లు అక్కడ 2017 నుంచి నిషేధం, గోంగూర పచ్చడి కారప్పొడి అన్నీ స్టీలు డబ్బాల్లో సర్దుకోండి. దిగగానే పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తీసుకుని ఎం-పెసా పెట్టించుకోండి. వాచ్‌మన్ నంబరు మొదటిరోజే ఫోన్‌లో వేసుకోండి.

హోటల్లో ఏసీ ఉంటుంది, నీళ్ళు బాగా వస్తాయి, నిజమే. మేం మాత్రం మళ్ళీ వెళ్తే ఇక్కడే దిగుతాం.

ఇంకో మాట, ఆ సంఘం నుంచి కొంతమంది గుంటూరు రావాలనుకుంటున్నారు, క్రిస్మస్ ఆరాధనలు చూడాలని వాళ్ళ ఆశ. హోటల్లో కాకుండా మన ఇళ్ళల్లో పెట్టుకోవాలని సంఘంలో అనుకున్నాం. గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఒక గది ఇవ్వగలిగినవాళ్ళు చెప్పండి, కూరలో కారం సగానికి తగ్గించాలి, పొద్దున్నే పాలు ఎక్కువ పోసిన టీ కావాలి, అంతకుమించి వాళ్ళేం అడగరు.