లోయర్ ఆర్మ్ బుష్‌లు: రెండు సెట్లు, 61,000 కిలోమీటర్ల తర్వాత

నా కారు మీటర్ ఇప్పుడు 1,36,000 కిలోమీటర్లు చూపిస్తోంది. ముందు చక్రాల లోయర్ ఆర్మ్ బుష్‌లు, అంటే చక్రాన్ని కారు అడుగుకు కలిపే ఇనుప చేతుల చివర ఉండే రబ్బరు భాగాలు, ఇప్పటికి రెండుసార్లు మార్చాను. రెండుసార్లూ అదే కంపెనీ, అదే పార్ట్ నంబర్. మొదటి సెట్ 14,000 కిలోమీటర్లకే చిరిగిపోయింది, రెండోది 47,000 దాటినా గట్టిగా ఉంది. తిరిగే రోడ్లు అవే, నడిపేదీ నేనే. తేడా అంతా బోల్ట్ బిగించిన తీరులో ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

72,000 దగ్గర చిన్న చిన్న గుంతల్లో నెమ్మదిగా పోతున్నప్పుడు ఎడమవైపు ముందునుంచి కటకటమని చప్పుడు మొదలైంది. మెకానిక్ ఒక రౌండ్ తిప్పి తెచ్చి "షాకర్లు పోయాయన్నా, రెండూ మార్చేద్దాం" అన్నాడు. నాకు మనసొప్పలేదు. షాకర్ల (షాక్ అబ్జార్బర్ల) మీద ఆయిల్ కారిన జాడ లేదు, పైగా గతుకుల తర్వాత కారు ఊగుతూ ఉండటం లేదు, వెంటనే కుదురుకుంటోంది. ఇంజిన్ ఆపి, స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి, చక్రం వెనక నుంచి చెయ్యి పెట్టి స్టెబిలైజర్ లింక్ రాడ్ (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బార్ చివర ఉండే చిన్న కడ్డీ) పట్టుకుని ఊపితే చేతికే టక్‌టక్ తెలిసింది. రెండువైపులా లింకులు మార్చాక ఆ కటకట పోయింది. చప్పుడు వినగానే షాకర్ల మీదికి పోకండి, ముందు లింకులు చూడండి. చౌకైన భాగం, విప్పడం కూడా తేలిక.

కానీ ఇంకో చప్పుడు మిగిలింది. బ్రేక్ వేసినప్పుడు కింద ఒక్కసారి ధబ్‌మని, దాంతోపాటు స్టీరింగ్ కొంచెం ఎడమకు లాగడం. ఇది బుష్ లక్షణం. బ్రేక్ పడినప్పుడు చక్రం వెనక్కి నెట్టుకుపోవాలని చూస్తుంది, దాన్ని పట్టి ఉంచేది ఆర్మ్ చివరనున్న ఆ రబ్బరే. రబ్బరు చిరిగితే ఆర్మ్ కదులుతుంది, ఆర్మ్ కదిలితే చక్రం కోణం మారుతుంది, అందుకే లాగుతుంది. ఇలాంటి కారుకు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) ఎన్నిసార్లు చేయించినా ఉపయోగం ఉండదు. నేను అప్పటికే రెండుసార్లు చేయించి ఉన్నాను.

75,000 దగ్గర మొదటి సెట్ వేయించాను. కారు కొత్తదానిలా అయింది, చాలా సంతోషపడ్డాను. 89,000కి మళ్లీ అదే ధబ్.

పార్ట్ నకిలీదేమో అనుకున్నాను. ఈసారి పాత బుష్‌లు ఇంటికి తెచ్చుకుని వెలుతురులో పెట్టి చూశాను. ఒక్కో ఆర్మ్‌కు ముందొకటి, వెనకొకటి బుష్ ఉంటుంది, అందులో ముందువైపు బుష్‌లో మధ్యనున్న ఇనుప గొట్టాన్ని అంటిపెట్టుకుని రబ్బరు నెలవంక ఆకారంలో చిరిగి ఉంది. ఎడమదీ కుడిదీ పక్కపక్కన పెడితే రెండు చిరుగులూ అద్దంలో చూసినట్టు ఒకే చోట. రబ్బరు పెళుసుబారలేదు, గోరుతో నొక్కితే ఇంకా మెత్తగా ఉంది. రోడ్డు దెబ్బలకు పోయి ఉంటే రెండువైపులా ఇంత సరిగ్గా ఒకేలా చిరగదు కదా. అప్పుడు సర్వీస్ మాన్యువల్ తీస్తే అందులో స్పష్టంగా ఉంది: ఆర్మ్ బోల్ట్‌ల తుది బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయాలి.

ఎందుకో చెప్తాను. ఈ రకం బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కునే ఉంటుంది. బోల్ట్ బిగించగానే లోపలి గొట్టం ఛాసిస్‌కు కదలకుండా పట్టుకుంటుంది. ఆ తర్వాత ఆర్మ్ పైకీ కిందికీ కదిలితే తిరిగేది గొట్టం కాదు, రబ్బరే మెలి పడుతుంది. కారు లిఫ్ట్ మీద ఉండగా చక్రం కిందికి వేలాడుతుంది, ఆ స్థితిలో బిగించేస్తే అదే రబ్బరుకు సహజ స్థితి అయిపోతుంది. కారు దించిన క్షణం నుంచి, పార్కింగ్‌లో ఊరికే నిలబడి ఉన్నా, రబ్బరు మెలి తిరిగే ఉంటుంది. ఇక గుంత వచ్చిన ప్రతిసారీ ఆ మెలి ఇంకా పెరుగుతుంది.

రెండో సెట్‌కి నేనే దగ్గరుండి చేయించాను. కారు ఎత్తకముందే సమతలంగా ఉన్న చోట చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనున్న బాడీ రేకు) అంచు వరకు టేపుతో కొలిచాను, నా కారుకు 37 సెంటీమీటర్లు. కొత్త బుష్‌లు ప్రెస్ చేసి ఎక్కించేముందు పాతవాటి దిశ ఆర్మ్ మీద గీత గీసి గుర్తు పెట్టాం, ఎందుకంటే వెనక బుష్‌లో ఖాళీలు ఉంటాయి, అవి ఏ వైపు ఉండాలో ఆ వైపే ఉండాలి. బోల్ట్‌లు చేతి బిగువు వరకే తిప్పి, ఆర్మ్ చివర బాల్ జాయింట్ (ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే కీలు) కింద జాకీ పెట్టి మళ్లీ 37 వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) బిగించాం. దీనికి అదనంగా పట్టిన సమయం పావుగంట. మీరు ఇంట్లో చేసుకునేటట్లయితే జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కింద దూరకండి, స్టాండ్లు తప్పకుండా పెట్టండి.

మధ్యలో స్టెబిలైజర్ బార్‌కి రబ్బరు కన్నా గట్టిగా ఉండే పాలీయురేథేన్ బుష్‌లు కూడా వాడి చూశాను. మలుపుల్లో కారు ఒరగడం కొంచెం తగ్గినట్టు నాకనిపించింది, అబద్ధం చెప్పను. కానీ గ్రీజు ఆరిపోగానే స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ కీచుమని శబ్దం, మళ్లీ విప్పి గ్రీజు పెడితే కొన్నాళ్లు మౌనం, మళ్లీ మొదలు. రోజూ ఇంటివాళ్లతో తిరిగే కారుకు మామూలు రబ్బరే హాయి, తిరిగి అదే వేసుకున్నాను.

స్టీరింగ్ వైపు చెప్పాలంటే టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే కడ్డీల చివరి కీళ్లు) 1,04,000కి మార్చాను. పరీక్ష సులువు: చక్రాలు నేల మీదే ఉండాలి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తుంటే ఇంకొకరు ఆ జాయింట్ మీద వేళ్లు ఆనించాలి. ప్లే (వదులు) ఉంటే వేలికి టిక్ మని తగులుతుంది. కారు ఎత్తి చక్రాన్ని పక్కల పట్టుకుని ఊపినా తెలుస్తుంది గానీ, పైనా కిందా పట్టుకుని ఊపినప్పుడు కదిలితే మాత్రం బాల్ జాయింటో వీల్ బేరింగో అనుమానించాలి. పాత ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి కొత్తది అన్నే చుట్లు ఎక్కిస్తే అలైన్‌మెంట్ సెంటర్ దాకా కారు తిన్నగా పోతుంది. అలైన్‌మెంట్ మాత్రం మానకండి, లెక్క ఎంత సరిగ్గా కుదిరినా టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కొద్దిగా మారే ఉంటుంది, అది టైర్ అంచును తినేస్తుంది.

షాకర్లు చివరికి 1,18,000కి మార్చాను, టైర్ మీద చెయ్యి పెట్టి నిమిరితే ఎత్తుపల్లాలు తగలడం మొదలయ్యాక. అంటే ఆ రోజు మార్చేద్దామన్న షాకర్లే ఇంకో 46,000 నడిచాయి. షాకర్ పైభాగాన్ని కారు బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంట్లు, వాటి బేరింగ్‌లు కూడా అప్పుడే వేయించాను, ఎలాగూ అంతా విప్పుతారు కాబట్టి.

ఇప్పుడు బ్రేక్ వేస్తే ధబ్ లేదు, చేతులు తేలిగ్గా పట్టుకున్నా కారు గీత గీసినట్టు పోతోంది. కుడివైపు స్టీరింగ్ రాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే పళ్ల కడ్డీ) మీది రబ్బరు తొడుగు, అంటే బూట్, దాని మడతలో మాత్రం వెంట్రుకంత పగులు కనిపించింది. అందులోంచి నీళ్లూ దుమ్మూ లోపలికి పోతే పోయేది రాకే, కాబట్టి కొత్త బూట్, రెండు క్లిప్పులు తెప్పించి పెట్టాను, ఈ ఆదివారం మారుస్తున్నాను.