సెఫ్‌పోడాక్సిమ్ డ్రై సిరప్: మందుకు నాలుగు స్టార్లు, డబ్బాకు ఒకటిన్నర

నాది తెనాలిలో కోర్టు దగ్గర జిరాక్స్ షాపు. రోజంతా దస్తావేజులూ అఫిడవిట్లూ చూసీ చూసీ, ఏ కాగితం చేతికొచ్చినా అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా చదవడం అలవాటైపోయింది. మా పాప చెవిపోటుకి డాక్టరుగారు రాసిన ఈ యాంటీబయాటిక్ సిరప్ డబ్బా మీద అక్షరాలు మాత్రం నా కళ్లకి అందలేదు. డబ్బా అతుకులు విప్పి, మెషీను అద్దం మీద బోర్లా పరిచి, రెండింతలు పెంచి పెద్ద కాగితం మీద తీస్తేగానీ అందులో ఏముందో తెలియలేదు. జిరాక్స్ మెషీను లేని తల్లిదండ్రులు ఏం చేస్తారో మరి.

కంపెనీ పేరు రాయడం లేదు. ఈ మందు చాలా కంపెనీలు చేస్తున్నాయి, నేను చెప్పే విషయాలు చాలావరకు అన్నిటికీ వర్తిస్తాయి.

పాపకి నాలుగేళ్లు దాటాయి, బరువు 16 కిలోలు. మొదట చెవినొప్పికి పారాసిటమాల్ ఒక్కటే ఇచ్చి చూడమన్నారు. రెండేళ్లు దాటిన పిల్లల్లో, నొప్పి ఒక చెవికే ఉండి, జ్వరం మరీ ఎక్కువ లేకపోతే రెండు మూడు రోజులు ఆగి చూడొచ్చట, చాలామందికి దానంతటదే తగ్గుతుందట. మా పాపకి తగ్గలేదు. జ్వరం 103 దాటింది, చెవిలో లైటు వేసి చూస్తే కర్ణభేరి ఎర్రగా ఉబ్బి ఉందన్నారు. అప్పుడు రాశారు ఇది. ఈలోపు మా అమ్మ వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు చెవిలో వేద్దామని గిన్నె పట్టుకుని సిద్ధం. డాక్టరమ్మగారు వద్దన్నారు. కర్ణభేరికి చిల్లి పడి ఉంటే ఆ నూనె లోపలికి దిగుతుందని చెబితే గానీ అమ్మ గిన్నె దించలేదు.

మా ఇంట్లో అప్పటిదాకా యాంటీబయాటిక్ అంటే అమాక్సిసిలిన్. పాపకి ఏడాది వయసులో అది వాడుతుండగా ఒళ్లంతా ఎర్ర మచ్చలు వచ్చాయి. అప్పటినుంచి మా ఆవిడ ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు చెప్పేది ఆ మాటే. ఈసారీ చెప్పింది. డాక్టరమ్మగారు పెన్ను పక్కన పెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. మచ్చలు మందు వేసిన గంటలో వచ్చాయా, రోజుల తర్వాత వచ్చాయా? దద్దుర్లలా ఎత్తుగా లేచి, ఒకచోట మాయమై ఇంకోచోట తేలాయా, లేక చదునుగా ఉన్నచోటే ఉన్నాయా? పెదాలు వాచాయా, కళ్ల చుట్టూ ఉబ్బిందా, ఆయాసం వచ్చిందా? మావి రోజుల తర్వాత వచ్చిన చదును మచ్చలే, వాపు లేదు. అలాంటి మచ్చలు చాలాసార్లు లోపలున్న వైరస్ వల్లే వస్తాయట, నింద మాత్రం మందు మీద పడుతుందట. అయినా పరీక్ష చేసి తేల్చేదాకా అమాక్సిసిలిన్ జోలికి పోవద్దని ఇది రాశారు.

నేను ఇంటికొచ్చి చదివితే గుండె గుభేలుమంది. సెఫ్‌పోడాక్సిమ్ అనేది సెఫలోస్పోరిన్ జాతి, అంటే అమాక్సిసిలిన్ వంశమైన పెన్సిలిన్‌కి దాయాది. అది పడనివాళ్లలో పదిమందికి ఒకరికి ఇదీ పడదని ఎక్కడో రాసుంది. వెంటనే ఫోన్ చేశాను. విసుక్కోకుండా చెప్పారు. ఆ లెక్క పాతకాలం నాటిదండీ, ఇప్పుడు అసలు సంఖ్య నూటికి ఒకటి రెండు దగ్గరే అనుకుంటున్నాం. ఎలర్జీ ఎక్కువగా అణువుకి పక్కనున్న కొసని బట్టి వస్తుంది. ఇదే జాతిలో సెఫాడ్రాక్సిల్ అని ఇంకో మందుంది, దాని కొస అమాక్సిసిలిన్ కొసలాగే ఉంటుంది, అందుకే అది రాయలేదు. దీని కొస వేరు. మీకు అంత టెన్షన్‌గా ఉంటే మొదటి డోసు రేపు పొద్దున క్లినిక్‌లోనే వేసి అరగంట కూర్చోండి.

అలాగే చేశాం. ఈ ఒక్క సలహాకే ఆవిడకి దండం పెట్టాలి. రాత్రి పదింటికి ఇంట్లో కొత్త మందు వేసి, నిద్రపోతున్న పిల్ల ఊపిరి లెక్కపెడుతూ కూర్చోవడం కంటే ఎంతో నయం. ఏం గమనించాలో కూడా చెప్పారు: ముఖం, పెదాలు వాయడం, గొంతు మూసుకుపోయినట్టు దగ్గు, పిల్లికూతలు, దద్దుర్లతో పాటు ఆగకుండా వాంతులు, పిల్ల వాలిపోవడం. వీటిలో ఏది కనబడ్డా ఫోన్లూ మెసేజ్‌లూ పెట్టుకోకుండా 108కి చేసి ఆసుపత్రికి పొమ్మన్నారు. మాకేమీ కాలేదు.

ఇక అసలు రివ్యూ.

ఈ సిరప్ ప్రధానంగా రెండు బలాల్లో దొరుకుతుంది. 5 మి.లీ.కి 50 మి.గ్రా. ఒకటి, 100 మి.గ్రా. ఇంకొకటి. సీసా అదే సైజు, డబ్బా అదే రంగు, పేరు అదే, పక్కన అంకె ఒక్కటే తేడా, అదీ ఆవగింజంత. మా చీటీలో 100 అని, పూటకి 4 మి.లీ. అని ఉంది. పిల్లలకి సాధారణంగా కిలోకి రోజుకి 10 మి.గ్రా. లెక్కన రెండు పూటలకి పంచుతారు. మా పాపకి రోజుకి 160, పూటకి 80, అంటే 100 సీసాలో సరిగ్గా 4 మి.లీ. మొదట వెళ్లిన మెడికల్ షాపులో 100 లేదు. అబ్బాయి 50 సీసా తీసి కౌంటర్ మీద పెట్టి, “ఇదే అన్నా, తేడా ఏం లేదు, చీటీలో ఉన్నట్టే వేసెయ్” అన్నాడు. చీటీలో ఉన్నట్టే వేస్తే పిల్లకి అందేది సగం మందు. చెవిలో చీము అలాగే ఉంటుంది, నాలుగు రోజులు పోయాక మందు పనిచెయ్యలేదని ఇంకా గట్టిది రాయించుకుంటాం. బాబూ, దీన్నయితే 8 మి.లీ. వెయ్యాలి కదా అంటే నా వంక ఎగాదిగా చూశాడు. ఆ చూపుకి దండం పెట్టి వేరే షాపుకి వెళ్లాను.

రెండో షాపాయన పద్ధతైన మనిషి. చీటీ చూసి, పాప పేరు, డాక్టరు పేరు రిజిస్టర్లో రాసుకున్నాడు. ఎందుకని అడిగితే ఈ మందు షెడ్యూల్ హెచ్1లో ఉందన్నాడు. 2014 మార్చి నుంచి ఈ నియమం అమల్లో ఉంది: డబ్బా మీద ఎర్రగీతల పెట్టెలో హెచ్చరిక ఉండాలి, చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరాలు రాసి మూడేళ్లు దాచాలి. నా పెద్ద కాగితం మీద చూస్తే ఆ హెచ్చరిక ఉంది. చెప్పొద్దూ, డబ్బా మొత్తం మీద మామూలు కంటికి ఆనేది ఆ ఎర్ర పెట్టె ఒక్కటే.

సీసాలో ఉండేది పొడి. కలుపుకోవడానికి చిన్న ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు డబ్బాలోనే వచ్చాయి. ఇది చాలా మంచి ఏర్పాటు. మొదటి షాపులో ఎవరి సీసాకో ఆ కుర్రాడు తన తాగే బాటిల్లో నీళ్లే పోసి కలిపివ్వడం నా కళ్లారా చూశాను. నీళ్లు రాని డబ్బా అయితే కాచి చల్లార్చినవే వాడాలి. కలిపే ముందు సీసాని అరచేతికేసి తట్టి, అడుగున గడ్డకట్టిన పొడిని వదులు చెయ్యాలి. తర్వాత నీళ్లు పోసి బాగా గిలకొట్టి, నురగ తగ్గేదాకా ఆగి, మందు గీత దాకా వచ్చిందో లేదో చూడాలి. గీత లేబుల్ మీద ఉంది, అదీ లేతరంగులో. కలిపాక ఎన్నాళ్లు వాడొచ్చో లేబుల్ మీదే ఉంటుంది, మా దానిమీద వారం అనుంది. వేసిన ప్రతిసారీ ముందు గిలకొట్టాల్సిందే, లేకపోతే మందు అడుగుకి చేరి మొదటి డోసులు పలచగా, ఆఖరి డోసులు చిక్కగా పోతాయి. 30 మి.లీ. సీసా ఒక్కటి వారానికి చాలదు, రెండు కొనాలి. రెండోది మొదటిది అయ్యాకే కలపాలి.

ఇప్పుడు కొలత. సీసాకి బోర్లించిన చిన్న కప్పు మీద 2.5, 5, 7.5, 10 గీతలున్నాయి. 4 లేదు! సరే, 5 గీతకి కొంచెం కిందికి అని అంచనా వేద్దామంటే ఆ గీతలు కూడా ప్లాస్టిక్ మీదే ప్లాస్టిక్, వెలుతురుకి పెట్టి తిప్పితేగానీ కనబడవు. రెండో షాపాయన సూది లేని 5 మి.లీ. సిరంజి ఇచ్చాడు. అదే ప్రాణం కాపాడింది. నల్ల గీతలు, సరిగ్గా నాలుగు. పిల్లని కూర్చోబెట్టి, సిరంజి కొస బుగ్గ లోపలి పక్కకి పెట్టి, కొద్దికొద్దిగా ఒత్తాలి. నాలుక మీద, గొంతుకి ఎదురుగా కొడితే పొలమారుతుంది.

రుచి సంగతి ఏం చెప్పమంటారు. డబ్బా మీద నారింజ బొమ్మ. మొదటి క్షణం నిజంగానే నారింజ బిళ్ల తీపి. ఆ తర్వాత నాలుక వెనక నుంచి ఒక చేదు లేస్తుంది, అది అరగంటైనా పోదు. నేను నాకి చూశాను కాబట్టి చెబుతున్నాను. పాప మొదటిసారి మింగి, రెండు సెకన్లు నా మొహంలోకి చూసి, “నాన్నా, అబద్ధం చెప్పావు” అంది. నేను ఆరెంజి అని చెప్పాను మరి! తర్వాత నుంచి చేదుగా ఉంటుందని ముందే చెప్పి, మింగిన వెంటనే నోట్లో చిన్న బెల్లంముక్క పెట్టాం. గ్లాసుడు పాలల్లో కలిపేద్దామంది మా ఆవిడ. సగం తాగి వదిలేస్తే ఎంత మందు పోయిందో ఎవరికి తెలుస్తుందని నేను ఒప్పుకోలేదు.

ఇంకొకటి, దీన్ని అన్నం తిన్నాకే ఎందుకు వెయ్యమంటారో నాకు మొదట తెలియదు. కడుపులో మంట రాకుండా అనుకున్నాను. అసలు కారణం, కడుపులో తిండి ఉంటే ఈ మందు ఒంట్లోకి ఎక్కువ ఇంకుతుంది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందులు కూడా వేస్తే తక్కువ ఇంకుతుంది. కాబట్టి పిల్లకి ఏదైనా గ్యాస్ సిరప్ కూడా నడుస్తుంటే డాక్టరుకి చెప్పాలి. మా పాప ఇడ్లీ ఒకటిన్నర తిన్నాక వేసేవాళ్లం. ఏమీ తిననని మొండికేసిన రోజు పెరుగన్నం రెండు ముద్దలు. పెరుగుతో ఇబ్బంది లేదన్నారు.

ఒకసారి మింగిన కాసేపటికే కక్కేసింది. మళ్లీ వెయ్యాలా వద్దా? మా అమ్మ వద్దంటుంది, మా ఆవిడ వెయ్యమంటుంది, మధ్యలో సిరంజి పట్టుకుని నేను. ఫోన్ చేస్తే, పావుగంటలోపు మొత్తం బయటికొస్తే మళ్లీ వెయ్యమన్నారు, గంట దాటాక అయితే అక్కర్లేదన్నారు. మధ్యలో అయితే అడగమన్నారు. డబ్బా మీద దీని గురించి ఒక్క ముక్క లేదు. విరేచనాలు కాస్త పలచబడ్డాయి, ఓఆర్ఎస్‌తో గడిచిపోయింది. నీళ్లలా చాలాసార్లు వెళ్లినా, రక్తం కనిపించినా మందు ఆపి తీసుకురమ్మని చెప్పారు గానీ అంతదాకా రాలేదు.

షాపు పక్కన టీకొట్టాయన సలహా ఏంటంటే, ఇంత బాధ దేనికి, అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసి వదిలెయ్యమని. వాళ్లబ్బాయికి దగ్గుకి అదే వేశారట. అడిగాను. చెవిలో చీము పట్టించే క్రిముల్లో చాలావాటికి ఆ మందంటే లెక్క లేకుండా పోయిందన్నారు డాక్టరమ్మగారు. మూడు రోజుల సుఖం చూసి దాన్ని రాయలేనన్నారు.

పని చేసిందా అంటే చేసింది. రెండో రోజు రాత్రికి జ్వరం దిగింది, ఆ మర్నాడు చెవి పట్టుకోవడం మానేసి మా అమ్మ జడలాగి తన్నులు తినింది. మంచిగుందని అక్కడితో ఆపకుండా రాసినన్ని రోజులూ వేశాం.

కాబట్టి మందుకు నాలుగు స్టార్లు, ఒకటి కోసింది చేదుకి. నీళ్ల గొట్టం పెట్టినందుకు డబ్బాకి ఒకటి, ఎర్ర పెట్టెకి అర. అక్షరాలకీ, ఒకేలా ఉన్న రెండు బలాల డబ్బాలకీ, నాలుగు గీత లేని కప్పుకీ సున్నా. డబ్బాకి ఒక పక్క తెలుగులోనో, కనీసం బొమ్మల్లోనో ఎలా కలపాలో వేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? పురుగుమందు డబ్బాలో తెలుగు కాగితం ఉంటుంది, పసిపిల్లల మందు డబ్బాలో ఉండదు.

రెండో సీసాలో అడుగున కొంచెం మిగిలింది. పక్కింటి పిన్నిగారు వాళ్ల మనవడికి జలుబు, ఆ మిగిలింది ఇవ్వమని అడిగారు. జలుబుకి ఇది పనికిరాదు పిన్నిగారూ, పైగా వాడు పది కిలోలు లేడు, కలిపి వారం కూడా కావస్తోంది అన్నాను. కొంచెం నొచ్చుకున్నారు. డాక్టరమ్మగారి క్లినిక్ సాయంత్రం ఆరింటికి తెరుస్తారు, టోకెన్ నేను తీసిపెడతానని చెప్పాను.