ఎస్‌పీడీ-30 ఆక్టాప్యాడ్: సెషన్ ప్లేయర్‌కి ఎంతవరకు పనికొస్తుంది

మన ఆర్కెస్ట్రాల్లో "ప్యాడ్స్ ఎవరు?" అని అడిగితే అది కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ వాయిద్యం రోలండ్ ఆక్టాప్యాడ్ గురించే. 1985 నాటి మొదటి ప్యాడ్-8లో సొంత శబ్దం ఒక్కటీ లేదు, మిడి (వాయిద్యాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే పద్ధతి) కేబుల్‌తో ఇంకో యంత్రాన్ని మోగించేది. 1998లో ఎస్‌పీడీ-20 వచ్చాకే పెళ్లి కచేరీలకీ వినాయకచవితి పందిళ్లకీ ఈ ఎనిమిది రబ్బరు గళ్లు అలవాటయ్యాయి. 2010లో వచ్చిన ఎస్‌పీడీ-30 దానికి నిజమైన వారసుడు. స్టేజీ వాయిద్యంగా దీనికి వంక పెట్టడం కష్టం. రికార్డింగులోనూ అరేంజ్‌మెంటులోనూ మాత్రం దీని హద్దు తెలిసి వాడాలి.

ముందు చేతికి తగిలే సంగతి. కర్ర తగిలితే రబ్బరు బాగా పలుకుతుంది, అయితే పెట్టెలోంచి తీసినప్పటి సెట్టింగులతోనే వాయిస్తే ఢోలక్ దరువులో మధ్యన పడే చిన్న ఫిల్లింగులు పలక్కుండా పోతాయి. సరిచేసే వరస ఇది. మొదట సెన్సిటివిటీ: మీరు కచేరీలో వేసే అతి గట్టి దెబ్బకి వెలాసిటీ (దెబ్బ బలం కొలిచే అంకె) 127 అంచుకి చేరేలా పెట్టుకోండి, మామూలు దెబ్బకే చేరితే తగ్గించండి. తర్వాత థ్రెషోల్డ్‌ని (ప్యాడ్ పలకడానికి కావలసిన కనీస దెబ్బ బలాన్ని) సున్నా నుంచి ఒక్కొక్క అంకె పెంచుతూ పోండి. పక్కనున్న బేస్ స్పీకర్ అదురుకి ప్యాడ్ తనంతట తాను మోగడం ఆగిన చోట ఆపేయండి. చాలామంది దీన్ని అవసరానికి మించి పెంచి "ప్యాడ్ మొద్దుబారింది" అంటారు. ఒక ప్యాడ్ కొడితే పక్కది కూడా పలుకుతుంటే క్రాస్‌టాక్ క్యాన్సిల్ పెంచాలి, అదీ తప్పు చేస్తున్న ప్యాడ్‌కి మాత్రమే. అన్నిటికీ పెంచేస్తే రెండు కర్రలూ ఒకేసారి పడ్డప్పుడు మెత్తటి దెబ్బ మాయమవుతుంది. ఒకే దెబ్బకి రెండుసార్లు పలికితే ముందు స్టాండు క్లాంపు బిగువు చూడండి. సగం కేసుల్లో తప్పు అక్కడే ఉంటుంది.

శబ్దాల దగ్గర అసలు పేచీ. బయట రికార్డు చేసిన వేవ్ ఫైలు ఒక్కటి కూడా దీనిలోకి ఎక్కదు. తబలా, ఢోలక్ శబ్దాలు పర్వాలేదు, లాటిన్ వాయిద్యాలు బాగున్నాయి. డప్పు సంగతి వేరు. ఎడమ చేతి చిటికెన పుల్ల చిటపట, కుడి చేతి సిర్ర గుద్దు, నిప్పు సెగకి బిగిసిన తోలు మోత, ఇవి మూడూ కలిస్తేనే డప్పు. దీనికి "డప్పు కిట్" పేరుతో చేతులు మారే ప్యాచ్‌లన్నీ (ముందే అమర్చిన శబ్దాల సెట్టింగులు) లోపలున్న టింబాలే, టామ్, స్నేర్ లాంటివి పైకీ కిందికీ ట్యూన్ చేసి వండినవే. ఊరేగింపులో తీన్‌మార్‌కి సరిపోతాయి, మైకు ముందు దొరికిపోతాయి. సొంత శాంపిల్స్ (మీరే రికార్డు చేసుకున్న శబ్దాలు) తప్పనిసరి అయితే తొమ్మిది ప్యాడ్ల ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ వైపు వెళ్లండి, దీని జోలికి రావద్దు.

ఢోలక్‌లోనూ ఎడమ వైపు గుమ్కీ అనే జారుడు మోత దీనికి చేతకాదు. అరచేతి మడమతో తోలు మీద ఎంత నొక్కి ఎంత లాగాలన్నది పాట వేగాన్ని బట్టి చెయ్యి తేల్చుకుంటుంది, ప్యాడ్‌లో ఆ జారుడు ఎప్పుడూ ఒకే నిడివి. అందుకే ప్యాడ్‌తో ఆధారం వేసి, పైన అసలు ఢోలక్ రెండు మూడు పొరలు వాయించి కలపడమే మంచి పద్ధతి.

తబలాకి శృతి కలపడం ఇక్కడ సుఖం. గాయకుడు చివరి నిమిషంలో ఐదు శృతి కాదు ఐదున్నర అంటే సుత్తి తీయక్కర్లేదు. కుడి తబలా శబ్దాలున్న ప్యాడ్లు మాత్రమే ట్యూన్ చేసిన కిట్‌ని (ప్యాడ్లన్నిటి శబ్దాల అమరికని) ఐదు, ఐదున్నర, ఆరు అని వేర్వేరు నంబర్లలో కాపీ చేసి ఉంచుకుంటే చాలు. మూడు నాలుగు అరస్వరాలు దాటి పెంచితే మాత్రం బొమ్మ తబలాలా కీచుమంటుంది.

అరేంజర్‌కి దీనిలో దొరికే నిధి ఫ్రేజ్ లూప్, అంటే వాయించిన దరువుని మళ్లీ మళ్లీ తిప్పి మోగించే సదుపాయం. మూడు భాగాలుగా పొర మీద పొర వేసుకోవచ్చు, మధ్యలో కిట్ మార్చి వేరే వాయిద్యం ఎక్కించవచ్చు. నిలవ అయ్యేది ఆడియో కాదు, మీ దెబ్బల సమాచారం. కాబట్టి చరణం వేగం రెండు బీపీఎం (నిమిషానికి దెబ్బలు) తగ్గించమని సంగీత దర్శకుడు అంటే శృతి చెడకుండా తగ్గుతుంది. పైలట్ ట్రాక్‌కి (అసలు రికార్డింగుకి ముందు వేసే నమూనాకి) ఇంతకంటే చకచకా నడిచే సాధనం తక్కువ. దెబ్బల్ని తాళానికి సరిగ్గా జరిపే క్వాంటైజ్ ఆపి వేస్తే పాటలో ఊపు మిగులుతుంది, ఆపకపోతే గడియారంలా కొడుతుంది.

రికార్డింగ్ దగ్గర ఇబ్బంది అవుట్‌పుట్‌లతో. ఎడమ, కుడి తప్ప వేరే లేవు. కిక్, ఢోలక్ ఒకే స్టీరియోలో పడితే మిక్సింగ్ ఇంజినీర్ చేతులెత్తేస్తాడు. మార్గం ఉంది: కిక్ లాంటి లో ఎండ్ (మంద్ర) శబ్దాలన్నీ పూర్తిగా ఎడమకీ, మిగతావి పూర్తిగా కుడికీ ప్యాన్ చేసి (మళ్లించి), రివర్బ్, ఎఫెక్ట్‌లు ఆపేసి, రెండు మోనో ట్రాకులుగా తీసుకోండి. అదే టేక్‌లో యూఎస్‌బీ ద్వారా మిడి కూడా ఎక్కించండి, రేపు శబ్దం మార్చాలంటే అదే దిక్కు. దానికి ముందు ప్రతి ప్యాడ్‌కీ వేర్వేరు నోట్ నంబర్ (మిడిలో ఆ ప్యాడ్‌ని గుర్తించే అంకె) ఉందో లేదో చూడాలి. కొన్న ప్యాచ్‌లలో రెండు ప్యాడ్లకి ఒకే నంబర్ ఉంటే తర్వాత విడదీయడం నరకం. స్టేజీ మీద ఒకే కేబుల్ ఉంటే ఎడమ జాక్‌కి పెట్టండి, రెండు వైపులూ కలిసి వస్తాయి.

అడాప్టర్ 9 వోల్టులది, ప్లగ్ మధ్య సూది నెగటివ్. బజారులో దొరికే చాలా అడాప్టర్లకి మధ్య పాజిటివ్. ఏది సరిపోతే అది గుచ్చితే బోర్డు పోవచ్చు.

పాతది కొనేటప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ప్రతి ప్యాడ్‌నీ మూడు బలాలతో, మధ్యలోనూ అంచుల్లోనూ కొట్టి చూడండి. అంచున పలకనిది సెన్సర్ వదులైందని గుర్తు. వాల్యూమ్ తిప్పుతూ గరగర వినండి. పాత యజమాని కిట్‌లు కావాలంటే పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకున్నాకే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, పోయాక తిరిగి రావు.